అరిగిపోయిన హీల్స్ స్థానంలో అచ్చం అదే జత కొనాలంటే

హీల్స్‌లో కాలికి సరిగ్గా కుదిరే జత దొరకడం అరుదు. పెళ్ళిలో నాలుగు గంటలు నిలబడినా నొప్పి పుట్టకూడదు, మెట్లు దిగేటప్పుడు తడబడకూడదు, చీరకీ చుడీదార్‌కీ రెండింటికీ నప్పాలి. అలాంటిది ఒకటి దొరికిందంటే మిగతా జతలన్నీ అరలోనే దుమ్ము పట్టి ఉంటాయి. దాంతో మనకు ఇష్టమైనదే అన్నిటికంటే ముందు అరుగుతుంది. అప్పుడు షాపుకెళ్ళి "ఇలాంటిదే కావాలి" అంటే, సేల్స్‌మన్ "సేమ్ ఇదే మేడమ్" అంటూ పది డబ్బాలు తెచ్చి ముందు పరుస్తాడు. పదింటిలో ఒక్కటీ అది కాదు.

చెప్పుల కంపెనీలు సీజన్ల వారీగా డిజైన్లు మారుస్తాయి. ఎక్కువ మోడళ్ళు వచ్చిన సీజన్‌తోనే ఆగిపోతాయి. నల్ల పంప్స్ (పట్టీలు లేని మూసిన హీల్స్), సాదా బ్లాక్ హీల్స్ (లావుపాటి దిమ్మ లాంటి హీల్ ఉన్నవి) లాంటి కొన్ని మాత్రమే ఏళ్ళ తరబడి నడుస్తాయి. అందుకే సోల్ ఊడి చేతికొచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. హీల్ టిప్, అంటే హీల్ అడుగున నేలకి ఆనే చిన్న ముక్క, రెండోసారి మార్పించాల్సి వచ్చినప్పుడే వెతకడం మొదలుపెట్టాలి. అప్పటికి ఆ సరుకు ఏదో ఒక బ్రాంచిలోనో గోదాములోనో ఇంకా మిగిలి ఉండే అవకాశం ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. "అచ్చం అలాంటిదే" అని మనం అనుకునేది కంటికి కనిపించే రూపం గురించి. కాలు గుర్తుపట్టేది మాత్రం చెప్పు కుట్టిన అచ్చునీ, ఎత్తునీ, సోల్‌నీ. రూపం పట్టుకుని వెతికితే పోలికలున్న అపరిచితులే దొరుకుతారు. నంబరు పట్టుకుని, కొలతలు పట్టుకుని వెతకాలి.

1. పాత జతను పారేయకండి

టైలర్‌కి కొత్త గుడ్డతో పాటు ఆది జాకెట్టు ఇస్తాం కదా, ఇక్కడ పాత జతే ఆది. ఎంత అరిగినా, పట్టీ తెగినా, కొత్తది వచ్చి వారం రోజులు వేసుకుని చూసేదాకా దాన్ని ఇంట్లోనే ఉంచండి. షాపుకి వెళ్ళేటప్పుడు శుభ్రంగా తుడిచి సంచిలో వెంట తీసుకెళ్ళండి. ఫోటో సరిపోదు. ఫోటోలో మూడు అంగుళాల హీల్, మూడున్నర అంగుళాల హీల్ ఒకేలా కనిపిస్తాయి. నిలబడ్డాక కాలివేళ్ళకి ఆ అర అంగుళం తేడా బాగా తెలుస్తుంది.

2. నంబరు పట్టుకోండి

ప్రతి బ్రాండు చెప్పుకీ ఒక ఆర్టికల్ నంబరు ఉంటుంది. కొన్ని కంపెనీలు దాన్నే స్టైల్ కోడ్ అంటాయి. షాపులో కంప్యూటర్‌కి తెలిసిన భాష అదొక్కటే. "ముందు కోసుగా ఉండి, వెనక బెల్టు ఉన్న నల్లది" అని ఎంత వర్ణించినా ఆ కంప్యూటర్ ఏమీ చెప్పదు. నంబరు కొడితే ఏ బ్రాంచిలో ఏ సైజు ఎన్ని జతలు ఉన్నాయో క్షణంలో చూపిస్తుంది.

ఈ నంబరు ఎక్కడుంటుంది? ముందు డబ్బా మీద చూడండి. మన దేశంలో 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకి సంప్రదించాల్సిన వివరాలు ఉండాలి. చెప్పుల డబ్బాకి పక్కన అంటించే స్టిక్కర్ మీద ఇవన్నీ ఆర్టికల్ నంబరు, రంగు, సైజులతో పాటు కనిపిస్తాయి. ఆ ఒక్క స్టిక్కర్ ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుని ఉంటే సగం పని అయిపోయినట్టే. కానీ డబ్బా ఎవరు దాస్తారు? ఇంట్లో గాజులకో, బిల్లులకో, పిల్లల రంగు పెన్సిళ్ళకో వెళ్ళిపోయి ఉంటుంది. అటక మీద ఒకసారి వెతకండి, చాలా ఇళ్ళలో డబ్బా వేరే అవతారంలో ఇంకా బతికే ఉంటుంది.

డబ్బా లేకపోతే చెప్పునే చదవాలి. బూటు తరహా హీల్స్‌కైతే లోపలి పక్క గోడ మీద, శాండల్స్‌కైతే పట్టీ లోపలి వైపు, కొన్నిటికి పాదం వంపు కింద సోల్ మీద అంకెలు ముద్రించి ఉంటాయి. చెమటకి, రాపిడికి ఇవి మసకబారతాయి. చీకటి గదిలో ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూస్తే నొక్కి ముద్రించిన అంకెల నీడ పడి చదవడానికి వీలవుతుంది. సిరాతో వేసినవైతే ఫోటో తీసి, ఫోన్‌లోనే కాంట్రాస్ట్ పెంచి చూడండి. పాదం ఆనే లోపలి పొర మడమ దగ్గర ఊడివస్తుంటే మెల్లగా పైకెత్తి చూడండి, దాని అడుగున కూడా ఒక్కోసారి నంబరు ఉంటుంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. సోల్ అడుగున ఉబ్బెత్తుగా అచ్చువేసిన అంకె తరచూ ఆ మోడల్‌ది కాదు, సోల్ పోసిన మూసది. సోల్ తయారీదారు ఒకరు, చెప్పు తయారీదారు వేరొకరు కావచ్చు. ఆ అంకెతో బ్రాండు షాపులో వెతికితే ఏమీ రాదు. అయినా రాసి పెట్టుకోండి, పేరు లేని చెప్పుల విషయంలో అదే పనికొస్తుంది.

బార్‌కోడ్ సంగతి కూడా ఇలాంటిదే. 13 అంకెల ఆ నంబరు 890తో మొదలైతే అది భారతీయ సంస్థ దగ్గర నమోదైనదని అర్థం. సరుకు ఎక్కడ తయారైందో అది చెప్పదు. పైగా సైజుకో బార్‌కోడ్, రంగుకో బార్‌కోడ్ ఉంటుంది. మీ స్నేహితురాలి దగ్గర అదే మోడల్ 6 సైజు ఉంటే, ఆమె డబ్బా మీది బార్‌కోడ్ మీ 5 సైజుకి పనిచేయదు. ఆర్టికల్ నంబరు మాత్రం ఇద్దరికీ ఒకటే.

డబ్బా లేదు, చెప్పు మీద అంకెలూ చెరిగిపోయాయి. అప్పుడు కొన్న దారిని వెనక్కి తవ్వండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే యాప్‌లో పాత ఆర్డర్ల జాబితా చూడండి. సరుకు పేజీ తీసేసినా ఆర్డరు పేరు, ఈమెయిల్‌లో వచ్చిన బిల్లు మిగిలే ఉంటాయి. షాపులో కొన్నదైతే బిల్లు వేసేటప్పుడు మీ ఫోన్ నంబరు అడిగే ఉంటారు. అదే నంబరు చెప్పి "నేను మీ దగ్గర ఏమేం కొన్నానో చూడండి" అని అడగండి. మెంబర్‌షిప్ పాయింట్ల కోసం దాచుకున్న సమాచారం ఇలాంటప్పుడైనా మనకు అక్కరకు రావాలి.

3. ఆ జతలో మీకు నచ్చిందేమిటో కొలిచి రాసుకోండి

నంబరు దొరికినా ఈ పని తప్పదు. ఎందుకంటే చాలాసార్లు మోడల్ ఆగిపోయి ఉంటుంది, దానికి దగ్గరి చుట్టాన్ని వెతకాల్సి వస్తుంది.

చెప్పు సుఖమంతా దాని లాస్ట్ మీద ఆధారపడుతుంది. లాస్ట్ అంటే చెప్పును బిగించి కుట్టే పాదం ఆకారపు అచ్చు. కార్ఖానాల్లో ఫర్మా అని కూడా అంటారు. ఒక్కో అచ్చుని ఒక నిర్దిష్టమైన హీల్ ఎత్తుకి మాత్రమే చేస్తారు. పాదం వంపు ఎక్కడ లేవాలి, వేళ్ళ దగ్గర ఎంత వెడల్పు ఉండాలి అన్నదంతా అందులోనే తేలిపోతుంది. అదే కంపెనీ అదే అచ్చు మీద పది డిజైన్లు చేయవచ్చు. కాబట్టి "ఇదే మోడల్ లేదు" అన్నప్పుడు అడగాల్సిన తర్వాతి ప్రశ్న "ఇదే లాస్ట్ మీద ఇంకేం వచ్చాయి?" అన్నది. కౌంటర్‌లో కుర్రాడికి తెలియకపోవచ్చు. మేనేజర్‌కి, కస్టమర్ కేర్‌కి తెలిసే అవకాశం ఎక్కువ.

కొలవాల్సినవి ఇవి. మడమ వెనక మధ్యలో, నేల నుంచి హీల్ పై అంచు దాకా ఎత్తు. ముందు భాగంలో ప్లాట్‌ఫాం, అంటే వేళ్ళ కింద మందపాటి దిమ్మ, ఉంటే దాని మందం. ఈ రెండిటి తేడాయే మీ పాదం నిజంగా ఎక్కిన వాలు. 4 అంగుళాల హీల్, కింద 1 అంగుళం ప్లాట్‌ఫాం ఉంటే మీ కాలికి అది 3 అంగుళాల హీలే. కాబట్టి ప్లాట్‌ఫాం లేని 4 అంగుళాలది కొనేస్తే ఎత్తు సరిపోతుంది గానీ వేళ్ళ మీద భారం పెరుగుతుంది. వెబ్‌సైట్‌లో రాసిన ఎత్తుని అలాగే నమ్మకండి. ఒక్కో కంపెనీ ఒక్కోచోట కొలుస్తుంది, అదీ తరచూ ఒక నమూనా సైజు మీద. పెద్ద సైజులకి హీల్ కాస్త ఎత్తుగా, చిన్న సైజులకి కాస్త పొట్టిగా ఉండటం మామూలే.

తర్వాత లోపలి పొడవు. సన్నటి కాగితపు పట్టీని లోపల మడమ నుంచి బొటనవేలి కొస దాకా పరిచి, తీసి సెంటీమీటర్లలో కొలవండి. వేళ్ళ ముడుసుల దగ్గర అడ్డంగా వెడల్పు. హీల్ అడుగు నేలకి ఆనేచోట వెడల్పు. ఆఫీసులో పలకల నేల మీద రోజంతా నడిచే మనిషికి ఈ చివరి కొలతే అన్నిటికంటే ముఖ్యం, అయినా చాలా వెబ్‌సైట్లు దాన్ని రాయవు.

వంటింట్లో తూకం మిషన్ ఉంటే ఒక చెప్పు బరువు కూడా చూసుకోండి. కొత్తదాని కొలతలన్నీ కలిసి, బరువు మాత్రం బాగా ఎక్కువగా ఉందంటే సోల్ పదార్థం మార్చారని అనుమానించాలి. పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) సోల్ బరువు, పీయూ (పాలీయురేథేన్) సోల్ తేలిక.

చివరగా ఒక ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోండి: ఈ జతలో వదులుకోలేనిది ఏది? రంగా, ఎత్తా, ముందు ఆకారమా, మెత్తదనమా? నాలుగూ కావాలంటే నంబరు తప్ప వేరే దారి లేదు. రెండింటితో సర్దుకోగలిగితే దారులు చాలా తెరుచుకుంటాయి.

4. నిజంగానే పనైపోయిందా?

కొనేముందు ఒకసారి చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూర్చోండి. హీల్ టిప్, లోపలి పొర, తెగిన పట్టీ, బకిల్, ముందు సోల్ అరుగుదల, ఇవన్నీ బాగయ్యేవే. ఆ ఖర్చు కొత్త జతతో పోలిస్తే లెక్కలోకి రాదు. టిప్ అరిగి, దాని లోపలి ఇనుప మేకు నేలని గీకుతున్న శబ్దం వస్తున్నా వేసుకు తిరిగితేనే హీల్ కూడా అరగడం మొదలవుతుంది.

బాగుకానివి ముఖ్యంగా మూడు. పాదం వంపు లోపల ఉండే ఉక్కు పట్టీ, అంటే షాంక్, విరిగితే చెప్పు నడిమికి వంగుతుంది, హీల్ వెనక్కి జారుతున్నట్టు ఉంటుంది. అలాంటిది వేసుకోవడం కాలికి ప్రమాదం. రెండోది, వేళ్ళ దగ్గర వంగేచోట పై భాగం పగిలిపోవడం. మూడోది, పైన పూత పొలుసులుగా రాలడం. రాలడం మొదలైన రెక్సిన్‌కి రంగు వేసినా నిలవదు.

5. నంబరుతో వెతకడం

ముందు కొన్న షాపుకే వెళ్ళండి. అక్కడ లేకపోతే "మీ మిగతా బ్రాంచిల్లో స్టాక్ చూడండి, తెప్పించగలరా?" అని అడగండి. పెద్ద గొలుసు షాపులు ఒక ఊరి నుంచి మరో ఊరికి సరుకు తెప్పిస్తాయి. హైదరాబాద్‌లో అయిపోయిన సైజు విజయవాడలోనో, రాజమండ్రిలోనో, వరంగల్‌లోనో మిగిలి ఉండటం కొత్తేమీ కాదు. మరీ చిన్న సైజు, మరీ పెద్ద సైజు కాళ్ళ వాళ్ళకి ఇందులో కాస్త అదృష్టం ఉంది, ఆ చివరి సైజులే ఆఖరిదాకా మిగులుతాయి. 5, 6 సైజుల వాళ్ళే ముందు పరిగెత్తాలి.

సీజన్ అయిపోయిన సరుకు కంపెనీ ఫ్యాక్టరీ అవుట్‌లెట్లకి చేరుతుంది. అక్కడ జతలు సైజు ప్రకారం పెట్టినా మోడళ్ళు కలగాపులగంగా ఉంటాయి, నంబరు చూసుకుంటూ ఓపిగ్గా వెతకాలి. ఎడమ కుడి రెండింటి సైజూ ఒకటేనా అన్నది కూడా అక్కడే చూసుకోవాలి. నవ్వకండి, జతలు మారిపోయేది అక్కడే.

ఆన్‌లైన్‌లో బ్రాండు సొంత వెబ్‌సైట్ మొదట, తర్వాత మింత్రా, అజియో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, నైకా ఫ్యాషన్ లాంటివి. బ్రాండు పేరు, పక్కన నంబరు కొట్టి గూగుల్‌లో వెతకండి. నంబరు మధ్యలో గీత ఉంటే గీతతో ఒకసారి, లేకుండా ఒకసారి, ఖాళీ వదిలి ఒకసారి. నంబరు లేనప్పుడు గూగుల్ లెన్స్ సాయం చేస్తుంది, కానీ దానికి అరిగిన చెప్పు ఫోటో ఇస్తే అరిగిన చెప్పులనే చూపిస్తుంది. మీరు కొన్నప్పటి ఉత్పత్తి ఫోటో ఏదైనా ఉంటే అది ఇవ్వండి. లేదంటే పాతదాన్ని తుడిచి, తెల్ల దుప్పటి మీద పక్కకు తిప్పి, పగటి వెలుతురులో తీయండి. సైజు లేదని చూపిస్తే "వచ్చాక తెలియజేయండి" మీట నొక్కి ఉంచండి. వాపసు వచ్చిన జతలు తిరిగి జాబితాలోకి వస్తుంటాయి.

క్లార్క్స్, ఆల్డో, స్టీవ్ మాడెన్ లాంటి విదేశీ బ్రాండ్లయితే మోడల్ పేరు దేశాలన్నిటా చాలావరకు ఒకటే ఉంటుంది. ఇక్కడ ఆగిపోయింది అమెరికాలో దొరకవచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అక్కకో, వదినకో, మేనకోడలికో ఈ పని అప్పజెప్పేటప్పుడు "నా చెప్పులు చూసి పంపు" అనకండి. మోడల్ పేరు, రంగు పేరు, అమెరికా సైజు, లోపలి పొడవు సెంటీమీటర్లలో, ఈ నాలుగూ వాట్సాప్‌లో పెట్టండి. అక్కడ ఈబే, పోష్‌మార్క్ లాంటి చోట్ల వాడని పాత స్టాకు వ్యక్తులు అమ్ముతుంటారు. ఈబేలో వెతుకులాటని సేవ్ చేసుకుంటే, ఆ పేరుతో కొత్తది వచ్చినప్పుడల్లా కబురు వస్తుంది. నెలల తరబడి పట్టే వెతుకులాటకి అదే మేలు.

తెప్పించుకునే దారి కూడా ముందే ఆలోచించుకోవాలి. విదేశాల నుంచి పోస్టులో, కొరియర్‌లో వచ్చే బహుమతులకి ఉన్న సుంకం మినహాయింపుని మన ప్రభుత్వం 2019 డిసెంబరులో తీసేసింది. రాఖీలకి, ప్రాణరక్షక మందులకి మాత్రమే వదిలింది. "గిఫ్ట్" అని రాసి పంపినా సుంకం పడుతుంది. ఇండియాకి వస్తున్న వాళ్ళ సూట్‌కేసులో మూలకి పడేసి తెప్పించుకోవడమే సుఖం. అయితే హీల్స్ డబ్బా వద్దంటారు, బరువూ చోటూ అని. డబ్బా పారేసే ముందు స్టిక్కర్ ఫోటో తీయమని చెప్పండి.

వ్యక్తుల దగ్గర కొనేటప్పుడు కంపెనీ ఫోటోలు మాత్రమే పెట్టిన ప్రకటనని నమ్మకండి. లోపలి నంబరు, సోల్ అడుగు, డబ్బా స్టిక్కర్ ఫోటోలు అడగండి. ఇవ్వడానికి సాకులు చెప్పినా, యాప్ బయట యూపీఐకి డబ్బు పంపమన్నా అక్కడితో వదిలేయండి.

6. పేరు లేని చెప్పులైతే

మనలో చాలామంది ఇష్టమైన హీల్స్ బ్రాండువి కావు. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, విశాఖ జగదాంబ దగ్గరో బేరమాడి కొన్నవి. వాటికి ఆర్టికల్ నంబరు ఉండదు, ఉన్నా దాన్ని వెతికే కంప్యూటర్ ఉండదు. అయినా దారి ఉంది.

ఈ సరుకు లాట్లుగా వస్తుంది. ముంబై, ఢిల్లీ, ఆగ్రా లాంటి చోట్ల చిన్న కార్ఖానాలు చేసి పంపుతాయి. కొన్న షాపు గుర్తుంటే పాత జత తీసుకుని మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం వెళ్ళండి. ఆదివారం సాయంత్రం ఆ షాపతనికి మీ మాట వినే తీరికే ఉండదు. "భయ్యా, ఈ లాటు మళ్ళీ వస్తుందా? ఈ పార్టీ సరుకే వేరే డిజైన్‌లో ఉందా?" అని అడగండి. పార్టీ అంటే అక్కడ పంపించే కార్ఖానాదారు. ఏ పార్టీదో చెప్పు తిప్పి చూసి చెప్పగలిగే పాతకాపులు ఆ బజారుల్లో ఉన్నారు.

ఇక్కడే సోల్ మీది మూస అంకె పనికొస్తుంది. చిన్న కార్ఖానాలు సోల్, హీల్ బయట కొంటాయి. సోల్, హీల్, అచ్చు మూడూ ఒకదానికొకటి సరిపోకపోతే చెప్పే నిలబడదు. కాబట్టి అదే అంకె, అదే నమూనా గీతలున్న సోల్ మీద వేరే పట్టీలు కనిపిస్తే, అది మీ పాతదానికి సొంత అక్కచెల్లెలి వరస. పైన పూసలున్నా, రంగు మారినా నడక మాత్రం బాగా దగ్గరగా ఉంటుంది. బజారులో చెప్పులన్నీ బోర్లించి చూస్తుంటే షాపతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

7. సైజు

పాత జత 5 అయితే కొత్తదీ 5 అనుకోవడం పూర్తిగా సబబు కాదు.

మన దేశంలో చాలాకాలంగా బ్రిటిష్ సైజులే నడుస్తున్నాయి. ఆ లెక్కలో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ అంగుళంలో మూడో వంతు, అంటే 8.47 మిల్లీమీటర్ల తేడా. యూరోపియన్ సైజులో ఆ తేడా 6.67 మిల్లీమీటర్లే. రెండు నిచ్చెనల మెట్లు వేర్వేరు దూరాల్లో ఉన్నాయి కాబట్టి ఒకదాని నుంచి మరోదానికి మార్చినప్పుడు ఎక్కడో ఒకచోట సర్దుబాటు చేయాల్సిందే. ఆడవాళ్ళ బ్రిటిష్ 5ని సాధారణంగా యూరో 38గా, అమెరికా 7గా లెక్కిస్తారు, కానీ ఒక్కో కంపెనీ అర సైజు అటూ ఇటూ జరుపుతుంది. బ్రాండు సొంత పట్టికలో సెంటీమీటర్ల గడి చూసి, మీ కాగితపు పట్టీ కొలతతో పోల్చండి. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా పాదాల సర్వే చేసి మన పాదాల కోసం "భ" అనే కొత్త సైజు పద్ధతిని ప్రతిపాదించింది. మన పాదాలు ఐరోపా పాదాల కంటే వెడల్పు అని అందులో తేలింది. వేళ్ళ దగ్గర చెప్పు కరిచే బాధ పడ్డవాళ్ళకి సర్వే అవసరం లేదనుకోండి.

కాలు కూడా మారుతుంది. వయసుతో, బరువుతో, కాన్పుల తర్వాత పాదం వంపు కాస్త దిగి పొడవు, వెడల్పు పెరగడం మామూలు. పాత జత మీ కాలితో పాటే సాగింది కాబట్టి మీకా సంగతి తెలియలేదు. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి రెండు పాదాలూ గీయించుకోండి. రెండింటిలో పెద్దదాని కొలతే మీ కొలత.

8. చేతికొచ్చాక

కొత్తది, పాతది పక్కపక్కన పెట్టండి. రెండింటి సోళ్ళూ ఎదురెదురుగా ఆనించి ఆకారం కలుస్తుందా చూడండి. పైనుంచి ముందు కొస ఆకారం చూడండి. తర్వాత గాజు బల్ల మీదో, గ్రానైట్ గట్టు మీదో నిలబెట్టి వేలితో మెల్లగా తట్టండి. ఊగకూడదు. వెనక నుంచి చూస్తే రెండు హీల్సూ నిటారుగా ఉండాలి. హీల్‌ని చేత్తో పట్టి అటూ ఇటూ కదిపితే కొంచెం కూడా కదలకూడదు.

నంబరు అదే అయినా లాటు వేరైతే లోపలి పొర మందం, లైనింగ్, సోల్ పదార్థం మారి ఉండవచ్చు. స్టిక్కర్ మీద తయారీదారు పేరు పాతదే ఉందా అన్నది చూసుకోండి.

కొత్తది కాస్త బిగుతుగా అనిపించడం తప్పు కాదు. పాతది ఎన్నాళ్ళో మీ కాలికి లొంగింది. ఎంత బిగుతుని ఒప్పుకోవచ్చన్నదే ప్రశ్న. "వేసుకుంటే సాగుతుంది మేడమ్" అన్న మాట ప్రతి షాపులోనూ వినిపిస్తుంది. అసలు తోలైతే వెడల్పులో కొంచెం సాగుతుంది, పొడవులో సాగదు. రెక్సిన్, మెరిసే పేటెంట్ రకాలు పెద్దగా సాగవు. బొటనవేలు ముందు గోడకి తగులుతుంటే ఎవరేం చెప్పినా తీసుకోకండి.

ఆన్‌లైన్‌లో వచ్చినదైతే ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ట్యాగులు తీయకుండా, ఇంట్లో తివాచీ మీదో మడత దుప్పటి మీదో సాయంత్రం పావుగంట నడవండి. సోల్ మీద ఒక్క గీత పడినా వాళ్ళు "వాపసు తీసుకోం" అనే అవకాశం ఉంది.

తయారైన నెల, సంవత్సరం చూడటం మరిచిపోకండి. పాత మోడల్ వాడకుండా దొరికిందని సంబరపడే ముందు ఈ ఒక్క అంకె చదవాలి. పీయూ సోల్, పీయూ పూత ఉన్న చెప్పుల్ని గాలిలోని తేమ మెల్లగా తినేస్తుంది. వాడినా, డబ్బాలో దాచినా ఆ పని జరుగుతూనే ఉంటుంది. నాలుగైదేళ్ళు గోదాములో పడున్న జత చూడటానికి కొత్తగా మెరుస్తుంది, రెండోసారి వేసుకున్నప్పుడు సోల్ మట్టిపెళ్ళలా రాలుతుంది. బొటనవేలి గోరుతో సోల్ పక్కన నొక్కి చూడండి. గుంట పడి అలాగే ఉండిపోయినా, జిగురుగా తగిలినా, పొడి రాలినా వద్దు. టీపీఆర్ (ఒక రకం రబ్బరు) సోల్, తోలు సోల్ ఉన్న పాత స్టాకుకి ఈ భయం లేదు, అయితే అతికించిన జిగురు ఎండి ఊడవచ్చు. దాన్ని మళ్ళీ అతికించుకోవచ్చు.

9. ఒకటి చాలా, రెండు కొనాలా?

దొరికిన సంతోషంలో మూడు జతలు కొనేయాలనిపిస్తుంది. సోల్ పీయూ అయితే ఆ ఆలోచన మానుకోండి. ముఖ్యంగా విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల్లో ఉండే వాళ్ళు. మూడోది వాడే సమయానికి అది వాడే స్థితిలో ఉండదు. తోలుదైతే రెండు జతలు కొని, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి వేసుకోవడం మంచిది. మధ్యలో ఒక రోజు ఆరితే చెమట తడి పోయి రెండూ ఎక్కువ కాలం వస్తాయి.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో బిగించకండి, అటక మీది వేడిలో పెట్టకండి. ముందు భాగంలో తెల్ల కాగితం ఉండలు కుక్కి, గుడ్డ సంచిలో పెట్టండి. లేత రంగు లోపలి పొరకి న్యూస్‌పేపర్ సిరా అంటుకుంటుంది.

ధర సంగతి ఒక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి జత ధర రూ. 2,500 దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. మీరు చూస్తున్న జత ఆ గీతకి కొంచెం పైన ఉంటే తగ్గింపు అమ్మకాల దాకా ఆగడంలో అర్థం ఉంది.

10. ఎంతకీ దొరక్కపోతే

అదే మోడల్ ఇంకో రంగులో దొరికితే, అది అసలు తోలైతే, ముదురు రంగు వేయించుకోవచ్చు. లేత గోధుమ రంగుని నలుపు చేయగలరు, నలుపుని లేత రంగు చేయలేరు. రెక్సిన్‌కి ఈ ప్రయత్నం వద్దు. అదే రూపంలో హీల్ ఇంకాస్త ఎత్తున్నది దొరికి "కోయించుకుందాంలే" అనిపిస్తే, పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా ఫరవాలేదు. అంతకు మించి కోస్తే ముందు కొస గాల్లోకి లేస్తుంది, చెప్పు మొత్తం బరువు పంపకం చెడిపోతుంది.

చేయించుకోవడం చివరి దారి. బ్లాక్ హీల్, వెడ్జ్ (మడమ నుంచి ముందుదాకా ఒకే దిమ్మగా ఉండేది) అయితే ఊళ్ళో మంచి పనివాడు పాతదాన్ని ఆదిగా పెట్టుకుని దగ్గరగా చేయగలడు. వాళ్ళు హీల్, సోల్ తయారుగా కొనుక్కొచ్చి వాడతారు, కాబట్టి మీ ఎత్తుకి సరిపడే హీల్ వాళ్ళ దగ్గర ఉందా అన్నది ముందు అడగండి. సన్నటి స్టిలెట్టో మాత్రం చిన్న పనివాళ్ళ చేత చేయించకండి. దానికి లోపల గట్టి షాంక్ ఉండాలి, సన్నటి హీల్ లోపల ఉక్కు కడ్డీ ఉండాలి, పాదం ఆనేచోటు నుంచి హీల్‌లోకి స్క్రూలూ మేకులూ సరిగ్గా దిగాలి. ఆ పని తప్పితే మెట్ల మీద తెలుస్తుంది.

చేయించేటప్పుడు పాత జత రెండూ ఇచ్చేయకండి. ఒకటి ఇచ్చి, ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. కొందరు అచ్చు తీయడానికి పాతదాన్ని విప్పేస్తారు, తర్వాత పోల్చడానికి ఏమీ మిగలదు. పట్టీలు సోల్‌కి అతికించకముందు ఒకసారి పిలిచి కాలికి చూడమని చెప్పండి, అతికించాక బిగుతు మార్చడం కష్టం. జత తీసుకునే రోజున అదే సైజు మేకున్న హీల్ టిప్స్ రెండు జతలు అదనంగా అడిగి తెచ్చుకోండి. మేకు లావు హీల్‌కో రకం ఉంటుంది, తర్వాత బజారులో సరిపోయేవి దొరకడం మళ్ళీ ఇంకో వెతుకులాట.